ఉత్సవమూర్తి, ఊరి చెరువు, దూరపు సర్వరు

సిరిసిల్లలో మరమగ్గమును మరమగ్గమని పిలుచువారు తక్కువ. అచ్చట అది సాంచ. పగలనక రేయనక గల్లీగల్లీ నుండి వినవచ్చు ఆ చప్పుడునకు అలవాటుపడిన చెవికి, కరెంటు పోయి అది ఆగినప్పుడే మెలకువ వచ్చును. 2017వ సంవత్సరమున రాష్ట్ర ప్రభుత్వము బతుకమ్మ పండుగకు ఆడపడుచులకు చీరలు పంచిపెట్టుట మొదలిడి, ఆ నేతపనిని ఈ పట్టణమునకు అప్పగింపసాగినది మొదలు కొన్నియేండ్లపాటు, ఏటికి కోటికి చేరువైన చీరల లెక్క ఆ గల్లీలలో వినబడెను. పండుగ ఎవరికొరకును ఆగునది కాదు. అయినను అంతటి పనికి తగినంత పెద్ద సాంచ నొకదానిని చేయించి నడిరోడ్డున నిలుపవలెనని ఎవ్వరికిని తోచలేదు. ఉన్న వేల సాంచలే ఆ భారమును పంచుకొనెను. ఒకచోట పడుగునకు వార్పిన్ పట్టుదురు, వేరొకచోట పోగులు అతుకు వైపని జరుగును, ఇంటి అరుగుమీద కూర్చుండి ఆడవారు కండెలు చుట్టుదురు, ఆసామి షెడ్డులో ఒక్క కార్మికుడు నాలుగారు సాంచల నడుమ తిరుగాడుచు తెగిన పోగును రెప్పపాటులో ముడివేయుచుండును. ఒక సాంచ నిలిచినచో ఆ సాంచమీది గుడ్డ మాత్రమే నిలుచును, పట్టణము నిలువదు.

ఈ వ్యాసమునకు విషయము నేతపని గాదు. నిన్నటివరకు నూరుగురు చూచిన ఒక వెబ్‌సైటును రేపు లక్షమంది చూడవచ్చినచో, అది కుప్పకూలక నిలుచుటకు ఏమి చేయవలెనన్న ప్రశ్న. హైదరాబాదులోని పెద్ద కంపెనీలవారికి గాక జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లవారికి దీనితో నిమిత్తమేమని అడుగువారుందురు. కాని పరీక్షాఫలితములు వెలువడిన మధ్యాహ్నమున తెల్లని తెరమీద చక్రము తిరుగుచుండగా, ప్రక్కన నిలిచిన తల్లి “ఏమొచ్చిందిరా?” అని నాలుగుమారు లడిగినను జవాబు చెప్పలేక కూర్చున్న పిల్లవాడు ఈ మూడు పట్టణములలో ఏ వాడలోనైన నుండును. ఆ తిరుగుడు చక్రము వెనుక జరుగుచున్న దేమో తెలిసికొనుట వానికిని, వాని తల్లికిని కూడ అక్కరకు వచ్చునదియే.

మనము ఫోనులో ఒక పుటను తాకినంతనే ఆ కోరిక తీగెల వెంట పోయి ఎచ్చటనో యున్న సర్వరును చేరును. సర్వరనగా మన బల్లమీది కంప్యూటరు జాతిదే. నిద్రపోకుండుట, అడిగినవారి కెల్ల బదులు చెప్పుట దాని వృత్తి. పుట అచ్చట అచ్చువేసి పెట్టినట్లు సిద్ధముగా నుండునని మన మనుకొందుము గాని, సామాన్యముగా నుండదు. వ్యాసపు పాఠ మొకచోట, రచయిత పేరొకచోట, బొమ్మల జాడ యొకచోట, ప్రక్కన చూపవలసిన పాత రచనల పట్టిక వేరొకచోట డేటాబేసులో నిలువయుండగా, సర్వరు వానినన్నిటిని అప్పటికప్పుడు అడిగి తెచ్చి, కూర్చి, పుటగా కట్టి పంపును. ఒక్క పుట కొరకు డేటాబేసును నలుబది ఏబది ప్రశ్న లడుగుట విపరీత మేమియు గాదు. ఒక్కరు వచ్చినప్పుడు ఇదంతయు అరక్షణపు పని. వేయిమంది ఒక్కసారి వచ్చినప్పుడో, అదే పుటను వేయిమారులు కట్టవలసివచ్చును, వరుస పెరుగును, వేచియున్నవారు విసిగి మరల మరల నొక్కుదురు, ఆ నొక్కుడులన్నియు క్రొత్త కోరికలై వరుస తోకను చేరును. సైటు పడిపోవుట యన్న దిదియే. యంత్రము చెడిపోదు, దానికి ఊపిరాడదు.

తన యంత్రముల కథను దాపరికము లేక లోకమునకు చెప్పుకొన్నది వికీపీడియా గనుక దానినే ఉదాహరణముగా గైకొందము. ఆంగ్ల వికీపీడియా 2001 జనవరి 15న పుట్టెను. తెలుగు వికీపీడియాను 2003 డిసెంబరు 10న వెన్న నాగార్జున ప్రారంభించెను. ఆ నాటికి వికీపీడియా యావత్తును ఇంచుమించుగా ఒక్క సర్వరుమీదనే నడచుచుండెనన్నచో నేటివారికి నమ్మశక్యము గాదు. 2004లో గాని అది పెక్కు యంత్రముల మీదికి, ఒకదాని వెనుక నొకటిగా అమర్చిన అంచెల మీదికి విస్తరింపలేదు. ఇల్లు మారుటకు మూటలు కట్టుకొనుచున్న కుటుంబమున పుట్టిన శిశువు మన తెలుగు వికీపీడియా. అందుచేతనే దానికి పేదరిక మెట్లుండునో తెలియలేదు. పదిమంది వ్రాసి నూరుమంది చదివిన దినములలో సైతము అది పెద్దక్కల నీడన, వారి యంత్రములమీదనే పెరిగెను. నేటికిని చిన్న భాషల వికీపీడియాలు అనేకము ఒకే డేటాబేసు గుంపును పంచుకొని కాపురము చేయుచున్నవి.

అంచెలనగా నేమో, శివరాత్రినాడు వేములవాడకు పోయినవారికి సులభముగా బోధపడును. రాజన్న దర్శనమునకు వరుసలు ఎన్నియైన కట్టవచ్చును. కోడెమొక్కు వారి కొక వరుస, తక్కినవారికి వేరు వరుసలు. వాకిట నిలిచి “ఇటు నడువుండ్రి, అటు నడువుండ్రి” అని జనమును మళ్లించువాని పనిని సర్వర్ల లోకమున లోడ్ బాలెన్సరు అను యంత్రము చేయును. దాని వెనుకనున్న సర్వర్లు సిరిసిల్ల సాంచల వంటివి. ఒకదానికి ఒకటి తీసిపోవు, ఎవరిని ఎచ్చటికి పంపినను ఒకే గుడ్డ వచ్చును, ఒకటి ఆగినచో దాని పాలిటివారిని ప్రక్కదానికి త్రిప్పుదురు. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని వరుసలు పదియైనను గర్భాలయ మొక్కటే గదా! పది సర్వర్లు చేర్చినను, ఇరువది చేర్చినను, అవియన్నియు పోయి ఆ ఒక్క డేటాబేసునే అడుగును. వెబ్‌సైటు పెరుగుచున్నదని సంబరపడి సర్వర్ల సంఖ్యను మాత్రమే పెంచినవారు మొదట తలక్రిందులగునది ఇచ్చటనే. వాకిలిని వెడల్పు చేసి గడపవద్ద తొక్కిసలాట తెచ్చుకొన్నట్లగును.

ఈ చిక్కునకు మన దేవాలయములు ఎప్పుడో ఉపాయము కనిపెట్టినవి. మూలవిరాట్టు కదలదు, అభిషేకము, అర్చన అచ్చటనే జరుగును. లక్షలమంది కన్నులార చూచుటకు ఉత్సవమూర్తి వీధిలోనికి వచ్చును. డేటాబేసు విషయమునను ఇదే పద్ధతి. క్రొత్తగా వ్రాయువారి వ్రాత, మార్చువారి మార్పు మూలప్రతి యందు మాత్రమే జరుగును. చదువవచ్చినవారికి దాని నకళ్లు చూపబడును. వ్రాయువారు ఒక్కరైనచో చదువువారు వందలు గనుక ఈ పంపకము చక్కగా సాగును. ఒక్క లోపమున్నది: నకలు మూలమునకు క్షణకాలము వెనుకబడవచ్చును. తా నిప్పుడే వ్రాసి భద్రపరచిన వాక్యము తనకే కనబడక కంగారుపడి, అదే వాక్యమును రెండవమారు వ్రాయువా డుండును. వికీపీడియా సాఫ్టువేరు ఇందులకొక జాగ్రత్త తీసికొనును. వ్రాసినవాడు వెంటనే చదువ వచ్చినచో, నకలు ఆ వ్రాతను అందుకొన్నదా యని చూచుకొని మరి చూపును.

ఇంతకంటె గొప్ప ఉపాయ మొకటి కలదు. అది అసలు అడుగవలసిన పనియే లేకుండ చేయుట. ఒకమారు కట్టిన పుటను పారవేయక ప్రక్కన దాచియుంచి, తరువాత వచ్చినవానికి దానినే ఇచ్చుట. దీనిని క్యాష్ అందురు. రొక్కమునకు వాడు మాటతో ఉచ్చారణ యొక్కటే, విలువయు నించుమించు నంతియే. జగిత్యాల మీది వ్యాసము నేడు వేయిమంది చదివినను, నడుమ నెవ్వరును దానిని సవరింపనిచో, ఆ వేయిమందికిని పోవలసినది అక్షరము పొల్లుపోని ఒకే పుట. దానిని వేయిమారులు కట్టుట వృథాశ్రమ. అందుచే లాగిన్ కాకుండ చదివిపోవు పాఠకులకు వికీపీడియా దాచిన ప్రతినే పంపును; లాగినైనవారికి, పైన వారి పేరు, వారి యభిరుచులు చూపవలెను గనుక, వేరుగా కట్టి పంపును. చదువరి చౌక, సభ్యుడు ప్రియము. ఈ దాపరికపు విద్యలో ఒక్కొక్కరిది ఒక్కొక్క అంచె: బ్రాడ్ ఫిట్జ్‌పాట్రిక్ 2003లో తన లైవ్‌జర్నల్ కొరకు వ్రాసిన మెమ్‌క్యాష్‌డ్ డేటాబేసు జవాబులను యంత్రపు జ్ఞాపకమున దాచును, నార్వే దేశపు పత్రిక వెర్డెన్స్ గాంగ్ కొరకు డెన్మార్కు వాడైన పౌల్-హెన్నింగ్ కాంప్ 2006లో రూపొందించిన వార్నిష్ పూర్తి పుటలనే దాచును. ఆ పత్రిక అంతకుముందు 12 యంత్రములతో చేయించుకొన్న పనిని, ఇది వచ్చిన తరువాత 3 యంత్రములు చేసెను. తొమ్మిది యంత్రముల జీతము మిగిలెనన్నమాట.

అయితే దాచిన దానితోనే ప్రమాదము వచ్చిన దినమును ఒకటి కలదు. 2009 జూన్ 25న మైకేల్ జాక్సన్ మరణించెనన్న వార్త పొక్కగానే లోకమంతయు వికీపీడియాలో అతని పుట మీద పడెను. చదువువారు లక్షలు, వ్రాయువారును, క్షణమునకొక్క వార్త చొప్పున, తక్కువవారు గారు. ప్రతి సవరణతోను దాచియుంచిన ప్రతి పాతబడి చెల్లకుండ పోవును. అది పొడవైన పుట, ఆధారములతో అధోజ్ఞాపికలతో క్రిక్కిరిసినది. క్రొత్తగా కట్టుటకు పెక్కు సెకనులు పట్టును. ఆ సెకనులలో వచ్చిన చదువరులకు ఎవరికిని దాచిన ప్రతి దొరకదు. దొరకనందున, ఒక్కొక్కని కొరకు ఒక్కొక్క సర్వరు అదే పుటను మొదటినుండి కట్టుటకు పూనుకొనెను. పెండ్లిపందిట పప్పు నిండుకొన్నదని వినినంతనే పదిమంది వంటవారు ఒకరి కొకరు చెప్పుకొనక పది గుండిగలు పొయ్యి కెక్కించినట్లయ్యెను. ఒక్క పుట నిమిత్తము సర్వర్లన్నియు చేతులు నిండి, ఆ గాయకునితో సంబంధమే లేని పుటలడిగినవారికి సైతము జవాబు చెప్పువారు లేకపోయిరి. ఆ యనుభవము తరువాత ఇంజనీర్లు పూల్‌కౌంటర్ అను చిన్న కావలివాని నేర్పరచిరి. ఒక పుటను ఒకరు కట్టుచుండగా అదే పుట కొరకు వచ్చిన తక్కినవారిని అది ఆపును. ఆగువారు మరీ ఎక్కువైనచో పాతప్రతినే చేత బెట్టి పంపివేయును. రెండు నిమిషములు పాతదైన పుట చదివినచో మునుగున దేమియు లేదని ఒప్పుకొనుటయే ఆ కావలివాని తెలివి. నా మట్టుకు, ఈ విద్యలో నేర్చుకొనదగినవన్నియు ఆ ఒక్క సాయంత్రమున నున్నవనిపించును.

ఇక దూరపు సంగతి. వికీపీడియా ముఖ్య యంత్రములు అమెరికాలోని వర్జీనియా, టెక్సస్ రాష్ట్రములలో నున్నవి. గాజుతీగెలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. మనకును వర్జీనియాకును మధ్య సూటి దూరమే 13 వేల కిలోమీటర్లకు తక్కువ లేదు గనుక, పోయి వచ్చుటకు వెలుగునకే సెకనులో ఎనిమిదవ వంతు పట్టును. తీగెలు సూటిగా సాగవు గనుక నిజముగా అంతకంటె ఎక్కువ. ఒక్కమారైనచో తెలియదు, కాని ఒక పుట పూర్తిగా తెరచుటకు ఇట్టి రాకపోకలు పలుమారులు జరుగును. ఎంత గొప్ప యంత్రము కొన్నను వెలుగును తొందరపెట్టలేము. చేయగలిగినది, నీటిని ఊరి దగ్గర నిలువ చేయుట. ఇది కోరుట్ల రైతునకు చెప్పవలసిన పాఠము గాదు, అతనివద్ద నేర్వవలసిన పాఠము. పోచంపాడు వద్ద గోదావరిమీది శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1963 జూలై 26న నెహ్రూ శంకుస్థాపన చేసెను. దానినుండి బయలుదేరు కాకతీయ కాలువ 284 కిలోమీటర్లు సాగును. నీరు కావలసివచ్చినప్పు డెల్ల రైతు గోదావరికి పోడు. డిస్ట్రిబ్యూటరీ నుండి పిల్లకాలువ, పిల్లకాలువ నుండి తూము. ఊరి చెరువు నిండియున్నచో వారాబందీలో తన వంతు ఎన్నడు వచ్చునా యని ఎదురుచూడవలసిన పనియే లేదు. వికీపీడియాకు అట్టి చెరువులు ఆమ్‌స్టర్‌డాం, శాన్‌ఫ్రాన్సిస్కో, మార్సే, సావ్ పావ్లో నగరములలో నున్నవి. మన కన్నిటికంటె దగ్గరిది సింగపూరులో 2018లో త్రవ్వినది. సిరిసిల్లలో కూర్చుండి సినారె పుట తెరచిన విద్యార్థికి అది సాధారణముగా సింగపూరు చెరువు నుండియే అందును.

చెరువులో నుండునది పదిమంది వాడు నీరే. ఎవ్వరును అడుగని పుట చెరువున నిలువదు. అడిగినప్పుడు నదివరకు పోవలసినదే. మనుష్యులు చదువుచున్నంతకాలము ఇది ఇబ్బంది కాలేదు, ఏలయనగా మనుష్యులందరు ఇంచుమించుగా ఒకే కొన్ని పుటలు చదువుదురు. ఇటీవల వచ్చిన యంత్రపాఠకులు అట్టివారు గారు. కృత్రిమమేధకు పాఠములు సేకరించు బాట్లు ఎవ్వరు తలంచని మారుమూల పుటలను సైతము వరుసగా విడువక చదివి పోవును. 2024 జనవరి మొదలు బొమ్మలు, వీడియోల దిగుమతికి వ్యయమగు బాండ్‌విడ్తు 50 శాతము పెరిగెననియు, మిక్కిలి ఖరీదైన రాకపోకలలో 65 శాతము బాట్లవేననియు వికీపీడియాను నడుపు వికీమీడియా సంస్థ 2025 ఏప్రిలులో ప్రకటించెను. చెరువు దాటి నేరుగా నదిలో మోటార్లు దింపు ఈ క్రొత్త ఆయకట్టుదారుల నెట్లు అదుపు చేయవలెనో సైటులు నడుపువారు ఇంకను తేల్చుకొనలేదు.

తెలుగు సైటులకు ప్రత్యేకమైన బరువొకటి యున్నది. దానిని దగ్గరగా చూతము. ‘సిరిసిల్ల’ అను మాటను మనము నాలుగక్షరములుగా చదువుదుము. యంత్రమునకు అది స, గుడి, ర, గుడి, స, గుడి, ల, పొల్లు, ల యని తొమ్మిది సంకేతములు. కెన్ థాంప్సన్, రాబ్ పైక్ 1992లో కూర్చగా లోకమంతయు నేడు వాడు యుటిఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు మూడు బైట్లు, వెరసి 27. అదే పేరు ఆంగ్లలిపిలో 8 బైట్లతో ముగియును. ‘జగిత్యాల’కు 24, ‘కోరుట్ల’కు 21. మన పాఠము మూడింతలు బరువని బెంగపడనక్కర లేదు. ఆ మూడు బైట్లలో మొదటిది తెలుగు సంకేతములన్నిటికిని ఒక్కటే, రెండవది రెంటిలో నేదో యొకటి. కావున పంపుటకు ముందు పాఠమును నొక్కి మూట గట్టు జిజిప్ వంటి పద్ధతికి తెలుగు చక్కగా లొంగును. బరువంతయు బొమ్మలలో నున్నది. కెమెరా తీసినది తీసినట్లే ఎక్కించిన ఆరు మెగాబైట్ల ఫొటో ఒక్కటి ఇరువదిలక్షల తెలుగు సంకేతములతో సమానము; అన్ని సంకేతములతో అయిదారు నవలలు వ్రాయవచ్చును.

మా మేనల్లు డొకడు జగిత్యాలలో నుండి తన ప్రాంతపు విశేషములతో ఒక చిన్న సైటు నడపును. గల్ఫునకు పోయినవారి కష్టసుఖముల మీద వాడు వ్రాసిన వ్యాసమును ఎవరో వాట్సాపులో పెట్టగా, దుబాయి, మస్కటు, దోహాలలోని కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్లవారు పని దిగి గదులు చేరిన వేళకు, అనగా దుబాయి మనకంటె గంటన్నర వెనుక గనుక మనకు రాత్రి బాగుగా ప్రొద్దుపోయిన తరువాత, ఒక్కసారిగా వచ్చిపడిరి. వాడు ఫోను చేసి, “మామా, సైటు పడిపోయింది. నెలకు రెండింతలు కట్టి పెద్ద సర్వరు తీస్కుందామనుకుంటున్న. నువ్వేమంటవ్?” అనెను. “తీస్కుందువుగాని, ముందుగాల అది ఏడ పట్టుకుంటుందో సూడు” అంటిని. డేటాబేసులో నెమ్మదియైన ప్రశ్నల చిట్టా నొకదానిని వ్రాయించు సౌకర్యము కలదు. ఆ చిట్టా తెరచి చూడగా దొంగ దొరికెను. ప్రతి పుట అడుగున ‘ఇప్పటివరకు చదివినవారు’ అని ఒక అంకె. ఎవరు పుట తెరచినను డేటాబేసు ఆ యొక్క గడికి తాళము వేసి, ఒకటి కలిపి, తాళము తీయవలెను. రెండవవాడు అంతవరకు ఆగవలెను. చదువవచ్చినవారినందరిని వాడు తెలియకయే వ్రాయువారిగా మార్చినాడు. ఉత్సవమూర్తిని చూచి పోవలసిన జనమును గర్భాలయములోనికి తోలినాడు. “లెక్క తీసేస్తే ఎట్ల మామా? ఎంతమంది సదివిండ్రో తెల్వదు గదా” అని వాని బాధ. “వచ్చినోళ్ల పేరు పుస్తకంల రాసి పెట్టు, తెల్లారినంక కూడుకో” అంటిని. సర్వరు ఎట్లును తన రాకపోకల చిట్టా వ్రాసికొనుచునే యుండును. అంకె తీసివేసి, కట్టిన పుటను అయిదు నిమిషములు దాచియుంచునట్లు చేసి, బొమ్మలను కుదించినంతనే, పాత సర్వరే మరునాటి రాత్రి ఆ జనమును మోసెను. అయిదు నిమిషములలో పదివేలమంది వచ్చినను పుట కట్టవలసినది ఒక్కమారే గదా.

అంకెల మోజు మా మేనల్లునికే కాదు, యూట్యూబునకును తప్పలేదు. 2015 వరకు, ఉరుకులు పెట్టు వీడియోలు పెక్కింటి క్రింద 301 అన్న అంకె పడి కదలక నిలుచుట పలువురు చూచియే యుందురు. నిజమైన వీక్షణములేవో తేల్చుకొనువరకు లెక్క నాపివేయుట అచ్చటి పద్ధతి. 2014 డిసెంబరులో గంగ్నమ్ స్టైల్ అను కొరియా పాట చూచినవారి సంఖ్య 214 కోట్లు దాటి, ఆ లెక్కకు కేటాయించిన 32 బిట్ల గడి చాలక, దానిని 64 బిట్లకు పెంచవలసివచ్చెను. పెరుగుదలను తట్టుకొనుట యనగా నిట్టి చిన్న గడులను ముందుగా చూచుకొనుటయే. జగిత్యాల జిల్లా మల్యాల మండలములోని లంబాడిపల్లి నుండి 2012లో శ్రీకాంత్ శ్రీరామ్ మొదలిడిన మై విలేజ్ షో కోట్ల వీక్షణములు పొందినను, అందులో నటించిన గంగవ్వ 2020లో బిగ్‌బాస్ ఇంటివరకు పోయినను, లంబాడిపల్లిలో సర్వరు గది యొకటియు లేదు. వీడియో నెక్కించిన తరువాత దానిని పలు పరిమాణములలో మార్చుట, ఇంటర్నెట్టు కంపెనీల యిండ్లలోనే గూగుల్ పెట్టెలలో నకళ్లుంచుట, లెక్క కట్టుట అంతయు యూట్యూబు పని. వీడియో వంటి బరువైన దానికి ఇదియే సరియైన త్రోవ యని నా యభిప్రాయము. పల్లెటూరి హాస్యమునకు పెట్టవలసిన బుద్ధిని హార్డుడిస్కులకు పెట్టనక్కర లేదు. వ్రాతకు మాత్రము సొంతయిల్లుండుట మేలు. పాఠము తేలిక; దాని నిలువకు వ్యయము స్వల్పము; పరాయి యింటి నియమములు మారిన దినమున పెట్టె సర్దుకొను బాధ యుండదు.

సొంతయిల్లనగా సొంత యంత్రమే కానక్కర లేదు. చల్‌గల్ మామిడి మార్కెట్టులో వేసవి రెండునెలలు లారీలు బారులు తీరును. తక్కిన కాలమున వానితో పనిలేదు గనుక వ్యాపారులు లారీలు కొనరు, కిరాయికి తెత్తురు. సర్వర్లను గంటలెక్కన కిరాయికిచ్చు పద్ధతిని అమెజాన్ 2006లో ప్రవేశపెట్టెను. 2022 నవంబరులో ఆ సంస్థ హైదరాబాదులోనే తన డేటాసెంటర్ల సముదాయమును తెరచెను. జగిత్యాల నుండి అది ఒక రాత్రి బస్సు దూరమైనను లేదు. జనము పెరిగినప్పుడు యంత్రములు వాటంతట అవే చేరి, తగ్గినప్పుడు తొలగునట్లు ఏర్పరచుకొనవచ్చును. కిరాయి మీటరు తిరుగుచున్నదని మరువరాదు, అంతియే: లోపల ఆ లెక్కల గడి వంటి దోషముంచుకొని యంత్రములు చేర్చుచు పోయినవాడు దోషమునకు కూడ కిరాయి కట్టును.

యంత్రములు సమకూర్చుకొన్న చాలదు, సాధనయు కావలెను. వికీపీడియావారు సంవత్సరమునకు రెండుమారులు, విషువద్దినములకు దగ్గరగా, మార్చి సెప్టెంబరు నెలలలో తమ మూలస్థానమును వర్జీనియా నుండి టెక్సస్‌కును, మరల వర్జీనియాకును మార్చి చూచుకొందురు. నిజమైన ఉపద్రవము వచ్చిన నాడు చేతులు తడబడకుండుటకు. ఆ కొద్ది నిమిషములు తెలుగు వికీపీడియాలో సైతము చదువవచ్చును గాని వ్రాయరాదు. తక్కిన సంవత్సరమంతయు వ్రాయవచ్చును. తెలంగాణలోని పల్లెలకు అందులో పుటలున్నవి. మీ యూరి పుట తెరచి చూడుడు. చెరువు పేరు తప్పుగా నున్నను, బడి యున్న సంగతి లేకున్నను పైన ‘సవరించు’ నొక్కి సరిదిద్దుడు. మీరు ప్రచురించినంతనే సింగపూరు మొదలు సావ్ పావ్లో వరకు దాచియుంచిన పాత ప్రతులు కొట్టివేయబడును. ఆ పిదప మొదట వచ్చిన చదువరి కొరకు మీ యూరి పుట ఒక్కమారు క్రొత్తగా కట్టబడును.